చేతులు పెట్టే వరకే మన పని

పోయిన నెల ఈ పేజీలో ఒకావిడ రేకి, అంటే ఒంటి మీద మెత్తగా చేతులు ఉంచి ఎనర్జీ అందిస్తామని చెప్పే జపాన్ పద్ధతి, నేర్చుకోవచ్చా అని అడిగితే నేర్చుకోండి, మందులు మాత్రం ఆపొద్దు అని రెండు లైన్లు రాసినా. ఇంక చూడండి, వాట్సాప్ మోత మోగిపోయింది. కొంతమంది తిట్టినారు కూడా, రేకి చేసే మనిషివి నువ్వే ఇట్ల రాస్తే ఎట్లా అని. నేను చేసేది నిజమే, ఇంట్లోవాళ్ళకి, కావాలని అడిగిన ఫ్రెండ్స్‌కి, డబ్బు తీసుకోకుండా. చేస్తా ఉన్నాను కాబట్టే దీంతో ఏం అవుతుందో ఏం కాదో దాచకుండా చెప్పాలనిపిస్తుంది. ఈసారి పేజీ మొత్తం మీ ప్రశ్నలకే.

ప్రశ్న: మేడమ్, మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ పక్కన పాంప్లెట్ అంటించినారు, ఒక్క ఆదివారంలో రేకి ఫస్ట్ డిగ్రీ నేర్పిస్తాం అని. నాకు పోవాలని ఉంది కానీ మా అత్తమ్మ ఇది జపాన్ దేవుళ్ళ పూజ, పెరటాసి శనివారం గోవిందుడికి పిండి దీపం పెట్టే ఇంట్లో ఇవన్నీ కూడదు అంటా ఉంది. నిజంగా వేరే మతమా ఇది? క్లాసులో ఏం చేయిస్తారు?
– గృహిణి, కొర్లగుంట, తిరుపతి

జవాబు: పూజ కాదమ్మా. విగ్రహం లేదు, ఫలానా దేవుణ్ణి నమ్మాలనే షరతు లేదు. ఫస్ట్ డిగ్రీ అంటే మొదటి మెట్టు, దాని తర్వాత వచ్చే సెకండ్ డిగ్రీలో కొన్ని గుర్తులు నేర్పిస్తారు, వాటికి జపాన్ పేర్లు ఉంటాయి, అవి చూసి మంత్రాలు అనుకుంటారు చాలామంది. దీన్ని మొదలుపెట్టిన మికావో ఉసుయి బౌద్ధుడు, 1865లో జపాన్‌లో గిఫు వైపు ఒక పల్లెలో పుట్టినాడు, 1922లో క్యోటో దగ్గర కురామా కొండ మీద 21 రోజులు ఉపవాసం ఉండి ధ్యానం చేస్తే ఇది అబ్బిందని ఆ సంప్రదాయంలో చెప్పుకుంటారు. అదే ఏడు టోక్యోలో సంఘం పెట్టినాడు. మరుసటి ఏడు, 1923 సెప్టెంబర్‌లో, టోక్యోలో పెద్ద భూకంపం వచ్చినప్పుడు బాధపడే వాళ్ళకి చేతులు పెట్టినాడని 1927లో శిష్యులు నిలబెట్టిన రాయి మీద రాసి ఉంది. కొన్ని పాత నోట్సుల్లో ఆయన క్రైస్తవ ఫాదర్ అని, దోషిషా యూనివర్సిటీలో పాఠాలు చెప్పినాడని ఉంటుంది, మీ క్లాసులో అదే చెప్తే ఊరికే విని వదిలేయండి, అది నిజం కాదు.

ఇంకో తమాషా ఏందంటే క్లాసు గోడకి ఏడు చక్రాల బొమ్మ వేలాడదీసి ఉంటారు, అది చూస్తే అత్తమ్మ కొంచెం మెత్తబడతారేమో, కానీ చక్రాలు ఉసుయి నేర్పినవి కావు. మన దగ్గర్నుంచి పడమటి దేశాలకి పోయి, అక్కడ రేకిలో కలిసి, మళ్ళీ జపాన్ సరుకు పేరుతో మన కొర్లగుంటకే వచ్చినాయి.

క్లాసులో కాసేపు చరిత్ర చెప్తారు, తర్వాత అట్యూన్‌మెంట్ అని మిమ్మల్ని కళ్ళు మూసుకొని కూర్చోబెట్టి తల దగ్గర, చేతుల దగ్గర మాస్టర్, అంటే రేకి నేర్పించే మనిషి, ఏదో చేస్తారు, మన దీక్ష ఇచ్చినట్టే అనుకోండి. ఆ తర్వాత చేతులు యాడ యాడ పెట్టాలో చూపిస్తారు. ఇంటికొచ్చినాక 21 రోజులు మీకు మీరే చేసుకోమంటారు. అసలు క్లాసు ఈ 21 రోజులే, నన్నడిగితే. రాత్రి పడుకునే ముందు వెల్లకిలా పడుకొని కళ్ళ మీద, చెవుల దగ్గర, తల వెనక, గొంతు దగ్గర, గుండె మీద, పొట్ట మీద, పొత్తికడుపు మీద ఒక్కో చోట మూడు నుంచి అయిదు నిమిషాలు చేతులు ఉంచుకోవడం, అంతే. నొక్కేది లేదు, రుద్దేది లేదు. మధ్యలో నిద్రొస్తే నిద్రపోండి, ఏం దోషం లేదు, చాలామందికి ఆ నిద్ర కోసమే ఇది నచ్చుతుంది.

ఉసుయి చెప్పిన అయిదు మాటలు కూడా నేర్పిస్తారు: ఈ ఒక్క రోజు కోపం తెచ్చుకోను, ఈ ఒక్క రోజు దిగులు పడను, కృతజ్ఞతతో ఉంటాను, నా పని నిజాయితీగా చేస్తాను, అందరి మీదా దయగా ఉంటాను. ఇవి అత్తమ్మ ముందర గట్టిగా చదవండి, ఆమె కూడా కాదనలేరు.

ప్రశ్న: అక్కా, నేను ఫస్ట్ డిగ్రీ చేసి నెల దాటింది. మా బ్యాచ్‌లో అందరికీ చేతులు కాలిపోతా ఉన్నాయంట, ఒకమ్మాయికి కరెంటు లాగా తెలుస్తుందంట, నాకేమో ఏమీ తెలీడం లేదు. మాస్టర్‌ని అడిగితే నీకు నమ్మకం తక్కువ, ఇంకోసారి అట్యూన్‌మెంట్ తీసుకో అంటున్నారు, దానికి మళ్ళీ ఫీజు. కట్టేదా?
– బ్యాంక్ ఉద్యోగి, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: కట్టొద్దు.

చేతులు వెచ్చబడటానికి పెద్ద రహస్యం అవసరం లేదు. కదలకుండా, వదులుగా కూర్చొని ఒకే చోట మనసు పెడితే వేళ్ళల్లోకి రక్తం బాగా పారుతుంది, చెయ్యి ఇంకొకరి ఒంటి మీద అయిదు నిమిషాలు ఉంటే ఆ ఇద్దరి వేడి అక్కడే నిలబడుతుంది. అయినా మే నెలలో చిత్తూరులో చేతులు వెచ్చగా లేనిది ఎవరికి చెప్పండి! కొందరికి చల్లగా అనిపిస్తుంది, కొందరికి జిల్లుమంటుంది, కొందరికి ఏమీ ఉండదు. ఏమీ తెలీని వాళ్ళే ఎదుటి మనిషిని బాగా గమనిస్తారని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే వాళ్ళు తమ అరచేతుల్ని కాకుండా ఆ మనిషి ఊపిరిని, ముఖాన్ని చూస్తా ఉంటారు. ఇంక బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఎవరి చెయ్యి ఎంత కాలిందో చదవడం మానేయండి.

ప్రశ్న: మేడమ్, పేరు వెయ్యొద్దు. మా అమ్మకి షుగర్, వయసు 61. మూణ్ణెల్ల నుంచి ఒకాయన దగ్గర రేకికి పోతా ఉంది. ఆయన మాత్రలు ఒంట్లో విషం, ఎనర్జీని అడ్డుకుంటాయి, మెల్లగా తగ్గించమన్నారంట, అమ్మ మాకు చెప్పకుండా మొత్తం ఆపేసింది. ఇప్పుడు కాళ్ళు మంటలు, రాత్రి నాలుగైదు సార్లు లేస్తుంది. ఆయన్ని అడిగితే ఇది క్లెన్సింగ్, లోపలి చెడు బయటికి పోతా ఉంది, ఓపిక పట్టండి అన్నారు. అమ్మ మా మాట వినదు, ఆయన మాటే వింటుంది. ఏం చెయ్యాలి?
– కూతురు, పలమనేరు

జవాబు: ఈ పేజీ చదివిన రోజే, రేపనకుండా, షుగర్ టెస్ట్ చేయించండి. రాత్రి అన్నిసార్లు లేవడం చూస్తే షుగర్ బాగా పెరిగిందేమోనని అనుమానపడాలి, కాళ్ళ మంట నరాలకి దెబ్బ తగులుతా ఉందేమో చూపించుకోవాలి. పరగడుపున షుగర్, దాంతోపాటు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, రెండూ చేయించి అమ్మని ఎప్పుడూ చూసే డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి. ఆపిన మాత్రలు మీరే ఇంట్లో మళ్ళీ మొదలుపెట్టొద్దు, ఏది ఎంత వేసుకోవాలో ఆయనే చెప్తారు. పలమనేరులో కుదరకపోతే చిత్తూరు పెద్దాసుపత్రి ఉంది, తిరుపతిలో రుయా ఉంది, స్విమ్స్‌లో షుగర్, థైరాయిడ్ జబ్బులకి ప్రత్యేకంగా ఎండోక్రైనాలజీ విభాగమే ఉంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మగతగా ఉండటం, వీటిల్లో ఏది కనిపించినా ఓపీ టైము కోసం చూడొద్దు, ఎమర్జెన్సీకి పోండి.

ఆ క్లెన్సింగ్ అనే మాట గురించి చెప్పాలి. ఇది రేకి వాళ్ళందరికీ తెలిసిన మాటే. అట్యూన్‌మెంట్ అయినాక కొన్ని రోజులు తలనొప్పి వచ్చినా, ఏడుపు వచ్చినా, విరేచనాలైనా ఒళ్ళు శుభ్రపడుతోంది అంటారు. రెండు రోజులు జలుబు చేస్తే అట్ల అనుకున్నా నష్టం లేదు లెండి. కానీ షుగర్ పేషెంట్‌కి ఈ మాట చెప్తే దీని నుంచి బయటపడే దారే లేదు, తగ్గితే రేకి వల్ల తగ్గింది, పెరిగితే రేకి వల్లే శుభ్రపడుతోంది, ఇంక ఆయన తప్పు ఎప్పటికి తేలుతుంది? షుగర్ పెరిగేటప్పుడు చాలా రోజులు నొప్పి తెలీదు, మనిషి బాగానే తిరుగుతా ఉంటారు, లోపల కళ్ళు, కిడ్నీలు, పాదాలు దెబ్బతింటా ఉంటాయి. ఇన్సులిన్ తీసుకునే వాళ్ళయితే ఆపిన కొన్ని రోజులకే ప్రాణం మీదికి వస్తుంది. మాత్రలు ఎనర్జీని అడ్డుకుంటాయన్న మాట ఉసుయి చెప్పిన అయిదు మాటల్లో లేదు. ఉసుయి తర్వాత దీన్ని పద్ధతిగా నేర్పిన చుజిరో హయాషి అయితే జపాన్ నౌకాదళంలో డాక్టర్‌గా పనిచేసిన మనిషి.

అమ్మ వినకపోవడం గురించి. ఆ రేకి ఆయన దగ్గర గంటసేపు ఎవరో ఒకరు తన మీద చెయ్యి వేసి నీకెట్లుంది అని అడుగుతున్నారు, ఇంట్లో మనం మాత్ర వేసుకున్నావా అని మాత్రమే అడుగుతాం. ఆమెకి ఆ గంట కావాలి. కాబట్టి రేకి మానెయ్యమని గొడవ పెట్టుకోవద్దు, డాక్టర్ చెప్పిన మాత్ర వేసుకొని పో, రిపోర్టు మాత్రం నాకు చూపించు అనండి. వీలైతే సాయంత్రం పూట మీరే ఆమె కాళ్ళు ఒళ్ళో పెట్టుకొని కూర్చోండి, మీకు ఏ డిగ్రీ అక్కర్లేదు. పాదాల్లో పుండు, పగులు ఏమన్నా ఉందేమో కూడా అప్పుడే చూడొచ్చు, షుగర్ వాళ్ళకి అది రోజూ చూడాల్సిన పని.

ఆ రేకి ఆయన సంగతి: షుగర్, క్యాన్సర్, మూర్ఛ లాంటి జబ్బులు మహిమతో నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. ఆయన పాంప్లెట్, ఫేస్‌బుక్ పోస్ట్ ఏదన్నా ఉంటే దాచిపెట్టండి. రేకికి ఆయుష్ గుర్తింపు ఉందని ఎవరన్నా అంటే అదీ అబద్ధమే, ఆయుష్‌లో ఆయుర్వేదం, యోగా, ప్రకృతి వైద్యం, యునాని, సిద్ధ, సోవా రిగ్పా, హోమియో ఉన్నాయి, రేకి లేదు.

ప్రశ్న: నేను రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్‌ని. మీరు ఎనర్జీ ఎనర్జీ అంటున్నారు, ఏ యూనిట్‌లో కొలుస్తారమ్మా దాన్ని? జూల్సా, క్యాలరీలా? కొలవలేనిదాన్ని చదువుకున్నవాళ్ళు పత్రికలో రాయొచ్చా?
– బాలాజీ కాలనీ, తిరుపతి

జవాబు: నమస్కారం సార్. కొలవలేం, ఇంతవరకు ఏ పరికరానికీ అది చిక్కలేదు. అటువంటి శక్తి క్షేత్రం ఉందని సైన్సు దగ్గర ఆధారం లేదు, ఏ జబ్బుకీ రేకి పనిచేస్తుందని స్పష్టంగా తేలలేదు అని అమెరికా ప్రభుత్వం తరఫున ఇట్లాంటి పద్ధతుల్ని పరిశీలించే కేంద్రమే చెప్తోంది. 2015లో వైద్య అధ్యయనాల్ని పరిశీలించే కొక్రేన్ సంస్థ వాళ్ళు ఆందోళన, డిప్రెషన్ మీద రేకి అధ్యయనాలన్నీ వడపోసి, పనిచేస్తుందని గానీ చెయ్యదని గానీ చెప్పేంత ఆధారం లేదన్నారు.

మీకు నచ్చే ప్రయోగం ఒకటి చెప్తా. అమెరికాలో ఎమిలీ రోసా అని తొమ్మిదేళ్ళ పాప, స్కూల్ సైన్స్ ఫెయిర్ కోసం చేసింది. రేకి మీద కాదు, దానికి దగ్గరి చుట్టమైన థెరప్యూటిక్ టచ్ మీద, అక్కడ నర్సులు చేసేవాళ్ళు, తాకకుండానే ఎదుటి మనిషి ఎనర్జీ చేతికి తెలుస్తుందని చెప్పేవాళ్ళు. ఈ పాప మధ్యలో అట్ట అడ్డం పెట్టి, వాళ్ళ రెండు చేతుల్ని రంధ్రాల్లోంచి ఇవతలికి పెట్టించి, బొమ్మా బొరుసా వేసి ఏదో ఒక చేతి పైన తన చెయ్యి ఉంచి ఏ చేతి దగ్గరుందో చెప్పమని అడిగింది. 21 మంది, 280 సార్లు, అందులో 123 సార్లు కరెక్ట్, అంటే 44 శాతం. కళ్ళు మూసుకొని చెప్పినా సగం కరెక్ట్ కావాలి కదా! 1998లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో వచ్చింది అది. రేకి చేసేవాళ్ళు దీన్ని చదవాలి, చదివి కోప్పడకూడదు, మొదటి మాటే కోపం తెచ్చుకోను కదా.

మరి ఎందుకు చేస్తావమ్మా అంటారా. నెమ్మదిగా గంటసేపు పడుకోవడం, ఫోన్ లేకపోవడం, ఒక మనిషి శ్రద్ధగా తాకడం, వీటివల్ల ఒళ్ళు సడలుతుంది, మనసు తేలికపడుతుంది, దీనికి కొత్త శక్తి ఏదీ కనిపెట్టక్కర్లేదు. క్లాసులో ఎనర్జీ అంటారు, నేను పేరు పెట్టకుండా చేస్తాను. ఇది సరిపోదంటే మీ ఇష్టం సార్, మీతో వాదించేంత ఫిజిక్స్ నాకు రాదు.

ప్రశ్న: మా అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం, పెళ్ళి వద్దంటున్నాడు. వాడి ఫోటో పంపితే డిస్టెన్స్ రేకి చేసి మనసు మారుస్తామని ఒకరు అన్నారు, 21 రోజుల ప్యాకేజీ. పంపేదా?
– తల్లి, రేణిగుంట

జవాబు: పంపొద్దమ్మా. దూరం నుంచి పంపడం సెకండ్ డిగ్రీలో నేర్పించే మాట నిజమే, కానీ ఎవరికి చేసినా వాళ్ళని అడిగి చెయ్యాలనేది కూడా అక్కడే నేర్పిస్తారు. వాడికి తెలీకుండా వాడి మనసు తిప్పాలనుకోవడం రేకి కాదు, దాని పేరు వేరే. ఆ ప్యాకేజీ డబ్బుతో బెంగళూరు బస్సెక్కి వాడితో రెండు రోజులు ఉండి రండి, పెళ్ళి మాట ఎత్తకుండా.

ప్రశ్న: మా తమ్ముడు బైక్ మీద నుంచి పడి మణికట్టు వాచింది. రేకి చెయ్యాలా, పుత్తూరు కట్టుకి పోవాలా?
– నగరి

జవాబు: ముందు ఎక్స్‌రే. వేళ్ళు తిమ్మిరెక్కినా, నీలంగా మారినా ఒక్క నిమిషం కూడా ఆగొద్దు, ఎముకల డాక్టర్ దగ్గరికి. పుత్తూరు కట్టు పేరు మద్రాసు దాకా ఉంది, నేనేం కాదనను, కానీ ఎముక ఎట్ల విరిగిందో తెలీకుండా కట్టు గట్టిగా కడితే రక్తం ఆడక చెయ్యే పోయే ప్రమాదం ఉంటుంది. ఎముక సరిగ్గా కూర్చోకముందే రేకి చెయ్యొద్దని పాత రేకి మాస్టర్లు కూడా అంటారు, ఆ ఒక్క విషయంలో అందరం ఒకటే.

ప్రశ్న: అక్కా, నేను పీజీ చదువుతున్నా, హాస్టల్‌లో ఉంటా. నాకు రేకి నేర్పించే ఆయన గుండె చక్రం, కింది చక్రం సరిచెయ్యాలంటే చెయ్యి నేరుగా పెట్టాలి, క్లాసయినాక ఒక్కదానివే ఉండు అంటున్నారు. అడిగితే సిగ్గుపడితే ఎనర్జీ రాదన్నారు. నేనే తప్పుగా అనుకుంటున్నానా?
– విద్యార్థిని, తిరుపతి

జవాబు: లేదు తల్లీ, నువ్వు కరెక్టుగానే అనుకున్నావు. ఇంక ఆ గుమ్మం తొక్కొద్దు.

రేకిలో బట్టలు తియ్యాల్సిన పని ఎప్పుడూ లేదు. ఛాతీ మీద, పొత్తికడుపు కింద చెయ్యి తగలకుండా నాలుగైదు అంగుళాల పైన ఉంచి చెయ్యడం మామూలు పద్ధతి, అసలు మొత్తం తాకకుండానే చేసేవాళ్ళు కూడా ఉన్నారు. యాడ చెయ్యి పెడతామో ముందే చెప్పి, సరేనంటేనే పెట్టాలి, మధ్యలో వద్దంటే తీసెయ్యాలి, ఇంకొకరు రూములో ఉంటామంటే ఒప్పుకోవాలి. ఇవి ఒప్పుకోని మనిషి ఎంత పెద్ద మాస్టర్ అయినా ఆయనతో పని లేదు. ఫ్రెండ్‌కి చెప్పు, ఇంట్లో చెప్పు, ఆయన పంపిన మెసేజులు డిలీట్ చెయ్యొద్దు. మళ్ళీ మళ్ళీ ఫోన్ చేస్తే 181 మహిళా హెల్ప్‌లైన్‌కి చెయ్యి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ఒక్క రోజులో రేకి గ్రాండ్ మాస్టర్ సర్టిఫికెట్ ఇస్తారంట. తీసుకొని మా చంద్రగిరిలో సెంటర్ పెట్టుకోవాలని ఉంది, ఉద్యోగం పోయింది. మీ సలహా?
– చంద్రగిరి

జవాబు: ఉద్యోగం పోయిన టైములో ఉన్న డబ్బు దీంట్లో పెట్టొద్దు నాయినా. ఆ సర్టిఫికెట్‌కి ప్రభుత్వ గుర్తింపు ఏమీ లేదు, అది ప్రింటు తీసిన కాగితం. గ్రాండ్ మాస్టర్ అనేది కూడా తర్వాత వాళ్ళు వీళ్ళు తగిలించుకున్న బిరుదు, ఉసుయి ఇచ్చింది కాదు. హవాయి నుంచి దీన్ని బయటి ప్రపంచానికి తెచ్చిన హవాయో టకాటా తన వైద్యం కోసం 1935లో టోక్యోలో హయాషి క్లినిక్‌కి పోయి, అక్కడే ఉండి రోజూ చేస్తా నేర్చుకుంది. 1980లో చనిపోయేనాటికి ఆమె తయారుచేసిన మాస్టర్లు 22 మంది. అప్పట్లో మాస్టర్ కావాలంటే పది వేల డాలర్లు తీసుకునేది, అది నాకు ఇప్పటికీ మింగుడు పడని విషయం, అంత ఫీజు పెడితేనే విలువ ఇస్తారని ఆమె లెక్క. ఇప్పుడేమో ఒక్క రోజు, ఒక్క పీడీఎఫ్. రెండూ నాకు సరిగ్గా అనిపించవు. ఇష్టముంటే ఫస్ట్ డిగ్రీ చేసుకో, ఇంట్లో చేసుకో, కడుపు నిండటానికి వేరే పని చూసుకో.

ప్రశ్న: మా నాన్నకి క్యాన్సర్, కీమో నడుస్తా ఉంది, నాలుగోది అయింది. డాక్టర్ చెప్పినవన్నీ వాడుతున్నాం, ఏదీ ఆపలేదు. కీమో అయిన రోజు రాత్రి ఆయనకి నిద్ర పట్టదు, భయపడతారు. నేను ఫస్ట్ డిగ్రీ చేసినా, చేతులు పెట్టొచ్చా? ఏమన్నా తేడా చేస్తుందేమోనని భయం.
– కొడుకు, శ్రీకాళహస్తి

జవాబు: పెట్టొచ్చు. ఒకసారి మీ క్యాన్సర్ డాక్టర్‌కి చెప్పండి, ఊరికే మెత్తగా చేతులు పెడతాను సార్, నొక్కను అని, చాలామంది సరేననే అంటారు. దీంతో గడ్డ తగ్గుతుందని నాన్నతో అనొద్దు, మీరూ అనుకోవద్దు.

చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోండి, మీకు జలుబుంటే ఆ రోజు దగ్గరికి పోకండి, కీమోలో ఉన్నవాళ్ళకి తెల్లకణాలు తగ్గి ఉంటాయి. కీమో ఎక్కించడానికి చర్మం కింద పోర్ట్ పెట్టిన చోట, సూది గుచ్చిన చెయ్యి, గడ్డ ఉన్న చోట, రేడియేషన్ ఇచ్చిన చర్మం, వీటిని వదిలెయ్యండి. అగరొత్తులు, సెంటు, నూనె ఏమీ వద్దు, కీమో రోజు వాసనకే వాంతి వస్తుంది. తల దగ్గర కూర్చొని రెండు చేతులూ భుజాల మీద, ఆ తర్వాత పాదాల మీద, అంతే చాలు, గంట చెయ్యక్కర్లేదు, పదిహేను నిమిషాలు. ఆయన మాట్లాడితే వినండి, మాట్లాడకపోతే మీరు మాట్లాడించొద్దు. చెయ్యి పెట్టినప్పుడు ఒళ్ళు వేడిగా అనిపిస్తే అది రేకి వేడి అనుకోకండి, థర్మామీటర్ పెట్టండి, 100.4 చూపించిందంటే అర్ధరాత్రి అయినా సరే హాస్పిటల్‌కి ఫోన్ చేసి బయల్దేరాల్సిందే, పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు.